పదునైదు దినముల ప్రభువు

కార్తిక మాసమున పంచారామ యాత్రకు బయలుదేరి, అమరావతినుండి మొదలుపెట్టి ద్రాక్షారామము, సామర్లకోట, భీమవరము తిరిగి వచ్చిన భక్తులు, పాలకొల్లులో క్షీరారామేశ్వరుని తొమ్మిది అంతస్తుల గాలిగోపురము క్రింద నిలిచి తలయెత్తి చూచు వేళ, ఈ క్షేత్రములను ఉద్ధరించిన మహారాజుగా చాళుక్య భీముని పేరు ఎవరో ఒకరు తలచుట కద్దు. ఆ పేరు మన గోదావరి మండలమున ఊళ్లలోను, గుడులలోను, శివలింగముల నామములలోను కలిసిపోయి, విన్నంతనే చిరపరిచితునివలె తోచును. కాని, ఆ భీముడు ఎవడని ఒక్క అడుగు ముందుకు వేసి ప్రశ్నించితిమేని చరిత్ర వెంటనే జవాబు చెప్పదు. ఏలయన, వేంగి సింహాసనముపై సుమారు నలువదియేండ్ల వ్యవధిలోనే భీమనామధేయులు మువ్వురు కూర్చుండిరి. వారిలో ఒకడు 30 సంవత్సరములు ఏలెను. ఒకడు 12 సంవత్సరములు ఏలెను. మూడవవాడు 8 నెలలు మాత్రమే ఏలి, ఆ 8 నెలల కడపట యుద్ధములో హతుడయ్యెను. గోపురము నీడన నిలిచి భీముని తలచువారిలో ఈ మూడవ భీముని ఎరిగినవారు అరుదు. ఆ అల్పకాలపు రాజులను గూర్చియు, వారిని గద్దెనెక్కించి కూలద్రోసిన దాయాదుల పోరును గూర్చియు తెలిసికొనక మన ప్రాంతపు చరిత్ర తెలిసినదనుకొనుట సరికాదు.

తూర్పు చాళుక్యుల రాజ్యమునకు మూలపురుషుడు కుబ్జవిష్ణువర్ధనుడు. బాదామి చక్రవర్తి రెండవ పులకేశి తన తమ్ముడగు ఈతనిని తీరాంధ్రమున నిలుపగా, క్రీ.శ. 624 ప్రాంతమున ఒక స్వతంత్రవంశము వేరూనెను. ఏలూరునకు ఉత్తరమున నేడు పెదవేగి అను పల్లెగా మిగిలిన వేంగీపురము పేరనే దేశమంతయు వేంగిదేశమనిపించుకొన్నది. గోదావరి, కృష్ణానదుల నడిమి సారవంతమైన నేల, కొల్లేటి చుట్టుపట్ల పల్లపు పొలములు, సముద్రతీరము ఈ రాజుల చేతిలో నుండెను. మొదటినుండి కడవరకు లెక్కించితే ఆ వంశము సుమారు 450 సంవత్సరములు నిలిచినది. ఇంత దీర్ఘకాలము నిలిచిన వంశములో కొందరి రాజ్యకాలమును దినములతో లెక్కింపవలసి వచ్చుట ఆశ్చర్యము గొలుపు విషయము.

ఈ లెక్క మనకు ఎట్లు తెలిసినదనగా, ఆ రాజుల తామ్రశాసనముల వలన. నాలుగైదు రాగిరేకులు, లోపలి అక్షరములు ఒరసికొని అరిగిపోకుండ అంచులు కొంచెము ఎత్తుగా తీర్చినవి; ఎడమవైపున ఒక రంధ్రము; దానిలోనుండి దూర్చిన లావుపాటి రాగికడియము; ఆ కడియము కొసలను బిగించిన గుండ్రని ముద్ర. ముద్రమీద సూర్యచంద్రులు, వరాహము, అంకుశము, తామరపూవు, వాని నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదాక్షరములు. ఏ బ్రాహ్మణునకో, దేవాలయమునకో, జైనవసదికో ఊరిని దానము చేసిన పత్రమే ఇది. కాని, దానవిషయమునకు వచ్చుటకు ముందు శాసనకర్త వంశమును మొదటినుండి చెప్పుకొని వచ్చును. ఇతర వంశముల శాసనములు తాతతండ్రుల బిరుదులు వర్ణించి ఊరకుండగా, వేంగివారి శాసనములు ఒక్కొక్క రాజు ఎన్నాళ్లు ఏలెనో తప్పక తెలుపును. కుబ్జవిష్ణువర్ధనుడు 18 సంవత్సరములు, ఆయన కొడుకు జయసింహుడు 33, జయసింహుని తమ్ముడు ఇంద్రభట్టారకుడు 7 దినములు, ఆయన కొడుకు విష్ణువర్ధనుడు 9 సంవత్సరములు, మంగి యువరాజు 25, జయసింహుడు 13, అతని తమ్ముడు కొక్కిలి 6 నెలలు. ఆ కొక్కిలిని సోదరుడే తొలగించి, తాను 37 సంవత్సరములు పాలించెను. పదవి పోయిన కొక్కిలి ఎలమంచిలి ప్రాంతమునకు చేరగా అతని సంతతి అచట చిన్న రాజ్యమునేలెను. దాయాదుల పోరు వేంగిలో ఇట్లు తొలిశతాబ్దమునందే తల చూపినది.

రాజ్యాధికారము చేతులు మారుటలో రక్తపాతము మన దేశమునకే ప్రత్యేకము కాదు. రోమక సామ్రాజ్యమున నీరో మరణానంతరము క్రీ.శ. 69లో ఒక్క యేటనే నలుగురు చక్రవర్తులను లోకము చూచినది. గల్బా రోము నడివీథిలో హతుడయ్యెను. ఓథో మూడు నెలలు ఏలి, ఓటమి వార్త విని తన చేతనే ప్రాణములు తీసికొనెను. విటెల్లియస్ సంవత్సరాంతమున చంపబడెను. కడకు వెస్పాసియన్ నిలిచి పదియేండ్లు పాలించెను. క్రీ.శ. 193లో పెర్టినాక్స్‌ను 87 దినములకే అంగరక్షకసేన చంపివేసి, చక్రవర్తిత్వమును వేలమునకు పెట్టగా, దానిని ధనమిచ్చి కొనుగోలు చేసిన డిడియస్ జూలియానస్ 66 దినములకు మించి బ్రతుకలేదు. రోములో చక్రవర్తి తరువాత చక్రవర్తి ఎవరని నిర్ణయించు శాసనము లేదు. అందుచేత కత్తి పట్టిన సేనయే శాసనమయ్యెను. వేంగిలో పరిస్థితి వేరు. ఇచట సేనానులు తమను తాము రాజులుగా ప్రకటించుకొనుట అరుదు. పోరిన వారందరు ఒక్క యింటివారే. అన్నదమ్ములు, సవతితల్లుల బిడ్డలు, పినతండ్రులు, వారి కొడుకులు, వారి మనుమలు: ఈ దాయాదులందరికి ఒకే మూలపురుషుడు, ఒకే వరాహముద్ర, ఒకే హక్కు.

ఆ చిక్కు ముదిరినది గుణగ విజయాదిత్యుని కాలము తరువాత. క్రీ.శ. 849నుండి 44 సంవత్సరములు అప్రతిహతముగా ఏలిన ఆ మహావీరునికి పుత్రసంతానము లేదు. అతని తరువాత 892లో తమ్ముని కొడుకైన చాళుక్య భీముడు రాజు కావలసి యుండగా, మరియొక తమ్ముడు యుద్ధమల్లుడు అడ్డు తగిలెను. అన్నకొడుకుకంటె తనదే దగ్గర హక్కని అతని వాదము కావచ్చును. ఆ వాదమునకు బలము చేకూర్చినది మాన్యఖేటము. పశ్చిమమున ఆ మాన్యఖేటమునుండి ఏలు రాష్ట్రకూట చక్రవర్తులు గుణగ విజయాదిత్యుని చేత పరాభవము పొంది యుండిరి. వేంగి యింట కలహము పుట్టినదనగానే వారి సేనలు కదలివచ్చెను. భీముడు ఆ సేనలతో పోరాడుటలోనే తన 30 ఏండ్లలో చాల భాగము గడిపెను. నేటి నిడదవోలని చరిత్రకారులు గుర్తించిన నిరవద్యపురమునందును, పెరువంగూరు గ్రామమునందును జరిగిన సంగ్రామములలో భీముని కొడుకు ఇరిమర్తిగండడు రాష్ట్రకూట దండనాయకుడగు గుండయను ఏనుగుమీద కూల్చి, తానును ప్రాణములు విడిచెను. అప్పటికి ఆ కుమారుని వయస్సు 16 సంవత్సరములు. ద్రాక్షారామమున, సామర్లకోటయందు భీమేశ్వరాలయములు వెలయించినవాడని మనము చెప్పుకొను చాళుక్య భీముడు ఈయనయే. ఆ శివాలయముల కర్త గుండెలో నిడదవోలు పొలిమేరన కూలిన కుఱ్ఱవాని స్మృతి యుండెనని మనము మరువరాదు.

భీముని తరువాత ఆయన కొడుకు విజయాదిత్యుడు, కొల్లభిగండడను బిరుదు గలవాడు, 6 నెలలకే కళింగ యుద్ధమున మరణించెను. అతని కొడుకు మొదటి అమ్మరాజు 7 సంవత్సరములు ఏలెను. రాజమహేంద్రుడను బిరుదు ఈయనకు కలదు. సుమారు 927లో అమ్మరాజు కన్ను మూసినంతనే, యుద్ధమల్లుని చావుతో చల్లారెననుకొన్న అగ్గి మరల రాజుకొన్నది.

అమ్మరాజు కొడుకు బేతరాజు బాలుడు. యువరాజ చిహ్నమగు కంఠిక ధరించుటచే కంఠికా విజయాదిత్యుడని అతనికి ప్రసిద్ధి. అతనికి పట్టము కట్టిరి. అతడు రాజుగా నున్నది 15 దినములు. పదునారవ దినమున, యుద్ధమల్లుని కొడుకు తాళరాజు ఆ బాలుని పట్టి బంధించి సింహాసనమెక్కెను. తాళరాజు ఏలినది ఒక్క నెల. అంతట చాళుక్య భీముని కొడుకు విక్రమాదిత్యుడు తాళుని చంపి 11 నెలలు ఏలెను. అటుపై అమ్మరాజు మరియొక కొడుకు భీముడు విక్రమాదిత్యుని తొలగించి 8 నెలలు ఏలెను. ఆ భీముని, తాళరాజు కొడుకు రెండవ యుద్ధమల్లుడు రాష్ట్రకూటుల బలముతో వచ్చి చంపి, తన తండ్రి పోగొట్టుకొన్న గద్దెనెక్కెను. ఈ నలుగురి కాలములను కూడితే మొత్తము 20 నెలల 15 దినములు. రోములో ఒక యేట నలుగురు చక్రవర్తులైరని చరిత్రగ్రంథములు వింతగా చెప్పుకొనును. మన వేంగిలో రెండేండ్లు నిండకమునుపే నలుగురు రాజులు వచ్చి పోయిరన్న మాట మన పిల్లల పాఠములలో కానరాదు.

ఈ కాలమును గూర్చి ఆలోచించునపుడు నా దృష్టి రాజులమీదకంటె శాసనములలోని మరియొక చిన్న వాక్యముమీద నిలుచును. వేంగి రాజు ఏ గ్రామమును దానము చేసినను, ఆ గ్రామమున్న విషయమునందు, అనగా మండలమునందు, నివసించు ‘రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబినులను’ పిలిచి ఆజ్ఞాపించుచున్నట్లు శాసనమున వ్రాయుట ఆచారము. ఇచట రాష్ట్రకూటులనగా మాన్యఖేటపు రాజులు కారు; ఆయా మండలములలోని పెద్దకాపులు. కుటుంబినులనగా పొలము దున్నుకొను సంసారులు. రాజు పేరు, వంశము, బిరుదులు అన్నియు చదివి, కడకు వారికి వినిపించు ఆజ్ఞ ఒక్కటే: ఈ ఊరి పన్ను ఇకమీదట ఇట్టివారికి చెల్లింపుడు. 927, 928 సంవత్సరములలో అత్తిలి సీమలోనో, నరసాపురము వైపుననో కోతలు కోసి కుప్ప వేసిన కుటుంబినుడు ఒక్క పంటకును రెండవ పంటకును నడుమ ఎందరు రాజుల పేర్లు వినవలసి వచ్చెనో ఊహించుడు. నిన్నటి రాజు ఇచ్చిన మాన్యము నేటి రాజు ఒప్పుకొనునా? నిన్న చెల్లించిన పన్ను నేడు చెల్లినట్లా, చెల్లనట్లా? సింహాసనమెవరిదో తెలియని నాడు మొదట చెడునది ఆ నమ్మకమే.

యుద్ధమల్లుని 7 సంవత్సరములలో ఆ నమ్మకము పూర్తిగా చెడెను. శబరులును, వల్లభుడనబడు రాష్ట్రకూట రాజు దండనాయకులును, ఇతరులును తలకొక భాగము పంచుకొని ఏలిరని తరువాతి శాసనములు వాపోయినవి. తన్ను గద్దెనెక్కించిన పొరుగువాడే తన నేలను తినివేయుచుండగా రాజు చూచుచు నుండవలసి వచ్చెను. అయినను ఈ యుద్ధమల్లుని గూర్చి ఒక న్యాయమైన మాట చెప్పవలెను. బెజవాడలో కుమారస్వామికి గుడి కట్టించి, దానికి సంబంధించిన కట్టుబాట్లను తెలుగు పద్యములలో శిలమీద చెక్కించినవాడు ఈయనయే. మధ్యాక్కర ఛందస్సున నున్న ఆ శాసనము నన్నయకు దాదాపు శతాబ్దము ముందటి తెలుగు పద్యమునకు మనకు దక్కిన అమూల్యసాక్ష్యము.

సుమారు 935లో కొల్లభిగండ విజయాదిత్యుని కొడుకు, మరియొక చాళుక్య భీముడు, యుద్ధమల్లుని పారద్రోలి 12 సంవత్సరములు దేశమును చక్కబరచెను. ఆయన కొడుకు రెండవ అమ్మరాజునకు 945 డిసెంబరు 5వ తేదీ శుక్రవారమున పట్టాభిషేకము జరిగెను. అప్పటికి అతనికి 12 ఏండ్లు. అతని కాలపు కలుచుంబఱ్ఱు శాసనము మనకు బాగుగా దగ్గరిది. అత్తిలినాంటిలోని ఆ గ్రామమును, చామెకాంబ అను శ్రావకురాలి కోరికమీద, సర్వలోకాశ్రయ జినభవనమునకు చేరిన భోజనశాల మరమ్మతులకై దానము చేసిరి. ఒకప్రక్క యుద్ధమల్లుని కొడుకులు బాడపుడు, తాళుడు రాష్ట్రకూట మూడవ కృష్ణుని సేనలు వెంటబెట్టుకొని వచ్చి అమ్మరాజును గద్దెనుండి తరుముచుండగా, మరియొక ప్రక్క పదిమందికి అన్నము పెట్టు ఇంటి కప్పు కురియకుండ చూచుటకు ఒక స్త్రీ పూనుకొనుట ఆ రాగిరేకులలో నేటికిని చదువవచ్చును.

అమ్మరాజు కథ కూడ కత్తితోనే ముగిసినది. 970లో సవతియన్న దానార్ణవునితోడి పోరులో అతడు హతుడయ్యెననియు, మూడేండ్లకు అమ్మరాజు బావమరిది జటాచోడ భీముడు దానార్ణవుని చంపెననియు చరిత్రకారుల నిర్ణయము. అటుపిమ్మట జటాచోడ భీముడు 27 సంవత్సరములు వేంగిని ఏలెను. ఇచటనే శాసనముల లెక్కలో మిక్కిలి విచిత్రమైన సంగతి యున్నది. తరువాతి చాళుక్య శాసనములు ఈ 27 సంవత్సరములను లెక్కించినవి. కాని, ఆ కాలమున ఏలినవాని పేరు చెప్పక, దైవదుర్విపాకమున వేంగిదేశము 27 సంవత్సరములు అనాయకముగా నుండెనని మాత్రము వ్రాసినవి. 15 దినములు ఏలిన బాలునికి రాజుల పట్టికలో చోటున్నది. ఒక్క నెల ఏలిన తాళునికిని చోటున్నది. 27 ఏండ్లు ఏలినవానికి చోటు లేదు. కారణము ఒక్కటే: అతడు వంశములో పుట్టినవాడు కాడు.

ఈ ఒక్క పట్టికలోనే వేంగి రోగమునకు నిదానము దొరకుచున్నదని నా విశ్వాసము. ఎవడు బాగుగా ఏలెను, ఎవడు ప్రజలను కాపాడెను అనునది కొలత కాదు. ఎవని ఒంట కుబ్జవిష్ణువర్ధనుని రక్తము కలదనునదే కొలత. అట్టి కొలత పెట్టుకొన్న యింట ఆ రక్తము గల ప్రతివాడును రాజే, పదునైదు దినములు కూర్చుండినను రాజే. పెద్దకొడుకుదే రాజ్యమన్న మాట పుస్తకములలో నుండెను గాని, రాజు కొడుకులు లేక పోయినపుడు, కొడుకు బాలుడైనపుడు, ఇద్దరు రాణులకు ఇద్దరు కొడుకులున్నపుడు ఏమి చేయవలెనన్న కట్టడి లేకపోయెను. కట్టడి లేనిచోట ప్రతి మరణమును ఒక యుద్ధమునకు ముహూర్తమయ్యెను. పదవి పోయిన బేతరాజు సంతతి సయితము ఈ హక్కును మరువలేదు. పిఠాపురమున 1202లో ఆ వంశజుడగు మల్లపదేవుడు శిలాస్తంభముమీద వ్రాయించిన శాసనము, పదునైదు దినముల ఆ బాలునినుండియే తమ శాఖను లెక్కించుకొన్నది. 275 ఏండ్లు గడిచినను ఆ రెండు వారముల రాజ్యము వారికి ఆస్తివలెనే యుండెను.

దానార్ణవుని కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు తంజావూరు చేరి రాజరాజ చోళుని ఆశ్రయించిరి. చోళబలముతో క్రీ.శ. 1000 ప్రాంతమున శక్తివర్మ వేంగికి రాజయ్యెను. విమలాదిత్యుడు చోళరాజు కుమార్తె కుందవను వివాహమాడెను. మాన్యఖేటము స్థానమున తంజావూరు వచ్చినది, అంతియే. ఇంటి తగవు తీర్చుటకు పొరుగింటివానిని పిలుచు అలవాటు పోలేదు. విమలాదిత్యునికి కుందవ వలన రాజరాజ నరేంద్రుడు, మరియొక రాణి వలన విజయాదిత్యుడు పుట్టగా, తండ్రి పోయిన వెంటనే ఇరువురికి పోరు మొదలయ్యెను. రాజరాజు పక్షమున చోళులు, విజయాదిత్యుని పక్షమున కల్యాణి చాళుక్యులు నిలిచిరి. రాజరాజునకు పట్టాభిషేకము జరుగుటకు 1022 ఆగస్టు 16 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ యుద్ధముల గుర్తు మన పొరుగుననే, కొల్లేటి దక్షిణపు అంచున కలిదిండిలో నున్నది. అచట పోరి మడిసిన మువ్వురు చోళ దండనాయకుల పేర మూడు శివాలయములు కట్టించి రాజరాజ నరేంద్రుడు శాసనము వ్రాయించెను. తమది కాని నేలమీద, తమది కాని దాయాదుల తగవులో చచ్చిపోయిన ఆ అరవ వీరులకు మన కొల్లేటి గట్టున గుడులు వెలసినవి.

ఈ రాజరాజ నరేంద్రుడే తన కులబ్రాహ్మణుడగు నన్నయభట్టును పిలిచి భారతమును తెలుగు చేయుమని కోరినవాడు. భారతమన నేమి? ఒక సింహాసనమునకై ఒక్క యింటి దాయాదులు పోరి, పొరుగు రాజులందరిని రెండు పక్షములుగ లాగి, అందరును నాశనమైన కథ. సవతితమ్మునితో ఏండ్ల తరబడి పోరిన రాజు సభలో ఆ కథ తెలుగున వినబడుచున్నపుడు, అది కురుక్షేత్రమునకు సంబంధించిన పాతమాట మాత్రమేనని వినువారిలో ఎవరికి తోచియుండును? మన ఆదికావ్యము పుట్టిన యిల్లు దాయాదిపోరుతో రెండు శతాబ్దములు తల్లడిల్లిన యిల్లు. రాజరాజు 1061లో గతించిన పిమ్మట మరల విజయాదిత్యుడే వేంగి నాక్రమించెను. రాజరాజు కొడుకు 1070లో కులోత్తుంగుడను పేర చోళసింహాసనమెక్కగా, అయిదారు సంవత్సరములలో వేంగి చోళసామ్రాజ్యమునకు ఒక మండలమై పోయెను. పరులెవరును ఆ రాజ్యమును బలిమిని గెలిచి నిర్మూలించలేదు. దాయాదులు పిలువగా వచ్చినవారి చేతికే అది చేరినది.

గద్దెనుండి దిగుట ఎట్లో, ఒకరి తరువాత మరియొకరు ఎక్కుట ఎట్లో ముందుగా నిర్ణయించుకొనని రాజ్యమునకు ఎంతటి వీరులున్నను మేలు కలుగదని వేంగి చరిత్ర మనకు చెప్పుచున్నది. ఓటు వేసి పాలకుని మార్చుకొను హక్కును, గడువు తీరగానే శాంతముగ పదవి అప్పగించు నియమమును మనము నేడు సహజములని భావించుచున్నాము. ఇరువది నెలలలో నలుగురు రాజులను మోసిన ఆ కుటుంబినుల సంతతివారమైన మనకు అవి ఎంత విలువగలవో ఇతరులకంటె ఎక్కువగా తెలియవలెను.

పాఠకులకు కడపటి మనవి ఒక్కటి. పదునైదు దినముల బేతరాజు పేరు నేడు మనకు తెలియుట కేవలము రాగిరేకుల పుణ్యము. అట్టి రేకులు మన డెల్టాలో దున్నునపుడో, పునాదులు త్రవ్వునపుడో మట్టిలోనుండి బయల్పడుచుండును. చూచుటకు పసరెక్కిన పాత రాగివలె నుండును గనుక తూకమునకు అమ్మివేయవలెనని తోచవచ్చును. దయచేసి అమ్మవలదు, కరగింపవలదు, తోమి అక్షరములు చెరుపవలదు. తహసీలుదారునకో, పురావస్తుశాఖవారికో వెంటనే తెలియజేయుడు. మీ పొలములో దొరకిన రేకుమీద ఇంతవరకు లోకమునకు తెలియని ఒక రాజు పేరు, అతడు ఏలిన దినముల లెక్క ఉండవచ్చును.